పేరుకు గుర్తింపు దొరికింది, మట్టి మాత్రం దొరకడం లేదు

శివరాత్రి దాటిందంటే హైదరాబాద్ కాలిబాటల మీదికి రంజన్లు, అంటే నీళ్లు చల్లబరిచే మట్టి కుండలు వచ్చేస్తాయి. ఎర్రవి, నల్లవి, కొళాయి బిగించినవి, గడ్డి మీద బోర్లించినవి వరుసగా కనిపిస్తాయి. మొన్నటి ఎండాకాలం మెహదీపట్నం దగ్గర అలాంటి ఒక వరుస ముందు ఆగి ధర అడిగాను. అలవాటు కొద్దీ కొంచెం తగ్గించమన్నాను. అమ్ముతున్న పెద్దావిడ రంజన్‌ను వేలి కణుపుతో ఒకసారి మోగించి చూపించి, "మట్టి గూడ కొనుక్కచ్చుడే బిడ్డా, ఇంకెంత తగ్గియ్యాలె?" అన్నది. ఆ తర్వాత బేరమాడటానికి నోరు రాలేదు. కుమ్మరి మట్టిని కొనుక్కోవాల్సి రావడమన్న ఒక్క సంగతిని సరిగా అర్థం చేసుకుంటే, పల్లె చేతివృత్తుల గురించి మనం సాధారణంగా చెప్పుకునే మాటల్లో చాలావాటిని సరిదిద్దుకోవాల్సి వస్తుందని నాకు అనిపించింది.

హస్తకళలు తగ్గిపోతున్నాయి అన్నప్పుడు మనం వెంటనే వెతికే కారణాలు రెండు. పిల్లలు ఆ పని నేర్చుకోవడం లేదన్నది మొదటిది, జనం ప్లాస్టిక్‌కూ స్టీలుకూ మారిపోయారన్నది రెండోది. రెండూ నిజమే, కానీ ఈ రెంటికీ అడుగున మరో విషయం ఉంది. చేతివృత్తి చేతిలో మాత్రమే ఉండదు. అది ఊరి చెరువులో, పక్కనున్న అడవిలో, మిల్లు నుంచి చుట్టలుగా వచ్చే చిలప నూలులో, చివరకు ఆ వస్తువును రోజూ వాడే ఇంటిలో కూడా ఉంటుంది. ఈ గొలుసులో చేతి నైపుణ్యం ఒక కొక్కెం మాత్రమే. గత పాతికేళ్లలో చట్టాలు, ముద్రలు, గుర్తింపులు చాలా వచ్చాయి గానీ, అవి ఎక్కువగా కాపాడినది వస్తువు పేరును. ముడిసరుకును కాపాడే పని దాదాపుగా అలాగే ఉండిపోయింది.

ముందుగా రంజన్ సంగతే చూద్దాం. దీనికి ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. చెరువు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న జిగట ఒండ్రు కావాలి, అందులో తగు పాళ్లలో ఇసుక కలవాలి. జిగట ఎక్కువైతే ఆరేటప్పుడు కుండ బీటలు వారుతుంది, ఇసుక ఎక్కువైతే సారె, అంటే కుమ్మరి చక్రం మీద నిలవదు. తెచ్చిన మట్టిని ఎండబెట్టి, చితక్కొట్టి, జల్లించి, నానబెట్టి, కాళ్లతో తొక్కి, రాయిరప్ప ఏదీ మిగలకుండా చేత్తో పిసికితే గానీ అది సారె ఎక్కడానికి సిద్ధం కాదు. మనకు సారె తిప్పే దృశ్యమే తెలుసు, ఫోటోలన్నీ అక్కడే తీస్తారు. నిజానికి పెద్ద కుండకు సారె మీద తయారయ్యేది మూతి, మెడ, దళసరి గోడలు మాత్రమే, అప్పటికి దానికి అడుగే ఉండదు. కాస్త ఆరిన తర్వాత లోపల గుండ్రటి రాయి ఆనించి, బయట నుంచి చెక్కబద్దతో కొడుతూ, గోడను పలచన చేస్తూ, ఆ మట్టినే కిందికి జరుపుకుంటూ పోయి అడుగును మూస్తారు. ఒక్క దెబ్బ గట్టిగా పడితే అప్పటిదాకా చేసిన శ్రమంతా పోతుంది. ఆ తర్వాత ఆవం. కర్ర, పిడకలు, గడ్డి పేర్చి, కుండలు సర్ది, పైన మట్టి మెత్తి, సుమారు 700 నుంచి 900 డిగ్రీల వేడిలో కాల్చాలి. ఆవంలో పగిలిన కుండల ఖరీదును పగలని కుండలే మోయాలి.

ఇంత శ్రమ పడి తయారుచేసిన వస్తువు చేసే పని కూడా ఆ మట్టి గుణం మీదే ఆధారపడి ఉంటుంది. కాలిన మట్టిలో కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటి గుండా నీరు బయటి గోడకు చేరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి, ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని అది కుండ నుంచి, లోపలి నీళ్ల నుంచి లాక్కుంటుంది. అంత వేడి తగ్గితే 58 గ్రాముల నీరు 10 డిగ్రీలు చల్లబడుతుంది. ఏప్రిల్‌లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కనుక రంజన్ బాగా పనిచేస్తుంది, అదే రంజన్ జులై ముసురులో పెద్దగా చల్లబరచదు. రెండో ఏడాదికి కుండ చల్లదనం తగ్గిందని చాలామంది అంటారు. బోరు నీళ్లలోని ఉప్పులు రంధ్రాలను పూడ్చేయడమే అందుకు ప్రధాన కారణం. సబ్బు తగలనివ్వకుండా కొబ్బరి పీచుతో బయటివైపు రుద్ది కడిగితే కొంత మేలు చేస్తుంది.

ఈ మట్టి ఒకప్పుడు ఊరి చెరువులో ఊరికే దొరికేది. ఊరికే అంటే ధర లేకుండా అని మాత్రమే, బదులు లేకుండా అని కాదు. కుమ్మరి ఏడాది పొడవునా ఊరికి కుండలు ఇచ్చేవాడు, పెళ్లికి ఐరేణి కుండలు తెచ్చేవాడు, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతని వంతు ధాన్యం, అంటే మేర, అతనికి దక్కేది. ఆ ఏర్పాటు మంచిదని పొగడటం నా ఉద్దేశం కాదు. అది కులంతో ముడిపడినది, వద్దనుకున్నవాడికి వేరే దారి ఇవ్వనిది, పంట పోయిన ఏడాది మేర కూడా పోయేది. కానీ ఆ ఏర్పాటులో చెరువు మట్టి మీద కుమ్మరికి ఎవరూ కాదనలేని హక్కు ఒకటి ఉండేది. మేర పోయినప్పుడు దానితోపాటు ఆ హక్కు కూడా పోయింది, దాని స్థానంలో మరొకటి రాలేదు. నగరం చుట్టూ ఉన్న చెరువులు కొన్ని ప్లాట్లయ్యాయి, కొన్నింటిలో మురుగు చేరింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు, అది పొలానికి మంచిదే. అయితే కుమ్మరికి కావలసింది ఫలానా పొరలోని మట్టి. యంత్రం ఒక్క తొండంతో పొరలన్నీ కలిపి ఎత్తేస్తే అందులోంచి అతను ఏరుకోగలిగేది తక్కువ. హైదరాబాద్‌లో కుమ్మర్‌వాడి, కుమ్మరిగూడ అనే పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పేర్లు ఉన్నచోట తవ్వుకోవడానికి మట్టి లేదు.

పేరు నిలిచి సరుకు పోవడం ఒక్క కుండకే పరిమితమైన సంగతి కాదు కనుక, పేరును కాపాడే చట్టం ఏం చేస్తుందో, ఏం చేయదో ఇక్కడ తేల్చుకోవాలి. భౌగోళిక గుర్తింపు, అంటే అందరూ జీఐ ట్యాగ్ అనేది, 1999 నాటి చట్టం ద్వారా వచ్చింది. ఆ చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉంది, దాని రిజిస్ట్రీ చెన్నైలో ఉంటుంది. ఒక్కో నమోదు పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, ఆదిలాబాద్ డోక్రా పోత లోహపు బొమ్మలకూ వరంగల్ దరీలకూ (నూలు తివాచీలకూ) 2018లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో, మన లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో ఈ గుర్తింపు లభించింది. నిర్మల్ బొమ్మలు, చేర్యాల పటాలు, పెంబర్తి లోహపు పని, కరీంనగర్ వెండి తీగ పని కూడా ఈ జాబితాలో ఉన్నాయి. ఇది గర్వపడాల్సిన విషయమే. అయితే ఈ చట్టం చేసే పని ఒక్కటే: ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో తయారుకాని వస్తువును ఆ పేరుతో అమ్మకూడదంటుంది. తయారీదారుకు లక్క, నూలు, కర్ర, మట్టి తెచ్చి ఇచ్చే పూచీ అందులో లేదు, ధర నిర్ణయించే అధికారమూ లేదు. లక్కనే తీసుకుంటే, అది కుసుమ, మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురు. దేశంలో అది ఎక్కువగా వచ్చేది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి. చార్మినార్ సందులో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, మెత్తబడిన లక్కను కడ్డీలా సాగదీసి, గుండ్రంగా మడిచి, వేడి ఆరేలోపే అద్దాల పూసలను ఒక్కొక్కటిగా గుచ్చే మనిషికి, అక్కడి అడవిలో లక్క పంట తగ్గితే ఇక్కడ ట్యాగ్ ఉన్నా ధర పెరుగుతుంది.

పోచంపల్లి విషయంలో చిక్కు ఇంకొక రకం. ఇక్కత్ అనేది ఒక పద్ధతి పేరు, అది ఇండోనేసియా నుంచి వచ్చిన మాట. కనుక "పోచంపల్లి ఇక్కత్" అని రాస్తేనే చట్టం అడ్డుపడుతుంది, మిల్లు గుడ్డ మీద ఆ నమూనా అచ్చువేసి "ఇక్కత్ చీర" అని అమ్మితే అడ్డుకోవడం కష్టం. నగరంలోని ఒక దుకాణంలో నేనే అలా మోసపోయాను. ఇంటికి వచ్చి తిరగేసి చూస్తే, వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంది. అసలు ఇక్కత్‌లో నూలును అక్కడక్కడ ముడులు కట్టి ముందే రంగు వేసి తర్వాత నేస్తారు కాబట్టి రెండువైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది, పువ్వు అంచు గీత గీసినట్టు కాక కాస్త చెదిరినట్టు ఉంటుంది. ఆ చెదరడం లోపం కాదు. కట్టిన ముడి అంచు దాటి రంగు కొద్దిగా పాకినప్పుడు, నేతలో పోగు వెంట్రుకవాసి జరిగినప్పుడు వచ్చే గుర్తు అది.

ఇక్కడే "చేత్తో చేసింది" అనే మాటను కూడా విడదీసి చూడాలి. ఇక్కత్ చీరకు నేత కన్నా ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును ఒక్కొక్కటిగా తిప్పుతూ పేర్చే పని అది. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, ఆ పని ఇళ్లలో ఆడవాళ్లే చేసేవారు, భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుతున్న బాధ చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి, 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మరి యంత్రం మీద ఆసు పోసిన చీర చేనేత చీరేనా? నిస్సందేహంగా చేనేతే. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం మరమగ్గం కానిది ఏదైనా చేనేత మగ్గమే. పోగులు కట్టడం, రంగుల్లో ముంచడం, ముళ్లు విప్పి మళ్లీ కట్టడం, గుంట మగ్గం మీద నేయడం అన్నీ చేతి పనులుగానే ఉన్నాయి. యంత్రం తీసేసింది నైపుణ్యాన్ని కాదు, నొప్పిని. చేతి పని అంటే మనిషి ఒళ్లు హూనం కావాలని కోరుకునే కొనుగోలుదారులు కొందరు ఉన్నారు. అది కళ మీద ప్రేమ కాదని నేను స్పష్టంగా చెప్పదలచుకున్నాను.

దుకాణంలో కనిపించే ముద్రల గందరగోళం కూడా ఇలాంటిదే. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ ఆ గుడ్డ స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది, దాన్ని మరమగ్గం మీద నేసినా ఆ ముద్ర ఉండొచ్చు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ అది మగ్గం మీద చేత్తో నేసినది అని చెబుతుంది, పట్టా నూలా అన్నది దాని పని కాదు. జీఐ ఆ వస్తువు ఏ ఊరిది అన్నది చెబుతుంది. ఒకటి చూసి మిగతా రెండు కూడా ఉన్నట్టే అనుకోవడం వల్ల మనం తరచూ నష్టపోతాం.

వాడేవాళ్లు మారితే వస్తువు ఎలా మారుతుందో చూడాలంటే చేర్యాల పటాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద కథను వరుస గళ్లుగా గీస్తారు. పాత పటాలు 3 అడుగుల వెడల్పుతో 40 అడుగులకు పైగా పొడవు ఉండేవి. వాటిని కొన్నది గోడకు తగిలించుకునేవాళ్లు కాదు. పద్మశాలీల దగ్గర మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు కథ చెప్పే కాకి పడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు తమ కథ కోసం పటం రాయించుకునేవారు. రాత్రి దీపాల వెలుగులో పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, బొమ్మను చూపిస్తూ కథ నడిపేవారు. పటం అంటే వాళ్లకు పనిముట్టు. కథ వినే ఊరు చెదిరిపోయాక పటం రాయించేవాళ్లు తగ్గారు, నకాషీలు నగరం వైపు చూశారు. మన డ్రాయింగ్ రూమ్ గోడకు 40 అడుగుల కథ పట్టదు. అందుకని ఆ కథలోంచి ఒక గడి తెగి ఫ్రేములోకి వచ్చింది, రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసే ముఖాల బొమ్మలు చిన్నవై కానుక వస్తువులయ్యాయి. దీనివల్ల కొన్ని కుటుంబాలకు అన్నం దొరికింది, అది చిన్న విషయం కాదు. అయితే తర్వాతి గడిలో ఏం జరుగుతుందో తెలిసినవాడు, అంటే కథకుడు, ఈ అమరికలో ఎక్కడా లేడు.

నిర్మల్ బొమ్మలది మళ్లీ ముడిసరుకు కథే. అక్కడ వాడే పొనికి కర్ర తేలికగా, మెత్తగా ఉంటుంది, ఆరాక పగలదు. చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి దాంతోనే ముక్కలను అతుకుతారు. ఆ కర్ర చుట్టుపక్కల అడవుల్లో అరుదైపోయింది, వేరే కర్రతో ఆ పనితనం రాదు.

వెదురు గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో వేసింది. శాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతిది, కానీ చట్టం దృష్టిలో అది తొంభై ఏళ్లపాటు చెట్టే. దాంతో సొంత పొలం గట్టున పెంచుకున్న కంకబొంగును నరికి తరలించడానికి కూడా అనుమతులు కావాల్సి వచ్చేది. 2017లో ఆ నిర్వచనంలోంచి వెదురును తీసేశారు. అడవి బయట పెంచిన వెదురుకే ఆ వెసులుబాటు. అడవిలోని వెదురు మీద 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో నివసించేవారికి హక్కు ఇచ్చింది. వెదురుతో బుట్టలు, చేటలు అల్లే మేదరులు ఎక్కువగా ఊళ్లలోనూ పట్టణాల్లోనూ ఉంటారు, వాళ్లకు సొంత పొలాలు తక్కువ, అడవిలో నివాసం లేదు. రెండు మార్పుల మధ్యా వాళ్లు మిగిలిపోయారు. ఇప్పటికీ బొంగును ధర పెట్టి కొని తెచ్చుకోవడమే వాళ్ల దారి.

ఆ ధర బుట్టలో కనిపిస్తుంది. బొంగును చీల్చినప్పుడు పైనున్న పచ్చటి పొర గట్టిది, లోపలి తెల్లటి భాగం మెత్తనిది. మంచి చేటకు, తెలంగాణలో మనం చాట అనేదానికి, పైపొర బద్దలే వాడాలి. బొంగు ఖరీదైతే లోపలి భాగాన్ని కూడా కలిపి అల్లాల్సి వస్తుంది, అలాంటి చాట ఏడాది తిరక్కుండానే పురుగు పట్టి పొడి రాలుతుంది. కొన్నవాళ్లు చేతి పని నాసిరకమైందని అంటారు, కానీ నాసి అయింది పని కాదు. మా నాయనమ్మ కొత్త చాట కొనగానే వాడేది కాదు. పాత కాగితాలను రెండు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో మెత్తగా రుబ్బి, ఆ ముద్దను చాట లోపలా బయటా చేత్తో అలికి ఎండబెట్టేది. సందులన్నీ మూసుకుని గింజ జారేది కాదు, మెంతి చేదుకు పురుగు వచ్చేది కాదు. ఏటా ఒకసారి అలా అలికిన చాట మా ఇంట్లో చాలా ఏళ్లు నడిచింది. వస్తువు మన్నిక చేసినవాడి చేతిలో సగం, వాడేవాళ్ల చేతిలో సగం అని నేను నేర్చుకున్నది అక్కడే.

ఇంట్లో చేసుకునే వస్తువులు ఈ లెక్కలోకి ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే వాటికి ధరే లేదు. వడియాలు, కాటుక, సున్నిపిండి, బొంత అన్నీ ఆడవాళ్ల మధ్యాహ్నాల్లోంచి వచ్చినవే. నాలుగైదు పాత నూలు చీరలను ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి అంచుకు వరుస కుట్లు వేసుకుంటూ పోతే బొంత అవుతుంది. ఇప్పుడు అదే బొంత నగరంలో వేల రూపాయలు పలుకుతుంటే ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. ఆ ధర కొత్తగా పుట్టింది కాదు, ఇన్నాళ్లూ ఎవరూ లెక్కించని కూలి ఇప్పుడు బిల్లులో కనిపిస్తోంది, అంతే. ఇక్కడ కూడా ముడిసరుకు మాట తప్పదు: పాలిస్టర్ చీరలతో కుట్టిన బొంత చెమట పీల్చదు, ఒంటికి అంటుకుంటుంది. నూలు చీర కట్టేవాళ్లు తగ్గిన ఇంట్లో బొంతకు సరుకు ఉండదు.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుంటే ధర గురించిన తగవు కొంత తేటపడుతుంది. జనవరి 1 నుంచి నాంపల్లిలో జరిగే పారిశ్రామిక ప్రదర్శన నుమాయిష్‌కు 1938 నుంచి చరిత్ర ఉంది. మాదాపూర్ శిల్పారామం, ప్రభుత్వ గోల్కొండ హస్తకళల దుకాణాలు మనకు అందుబాటులోనే ఉన్నాయి. ఎక్కడ కొన్నా మనం ఇచ్చే రూపాయిలో స్టాలు అద్దె, దారి ఖర్చు, దారిలో పగిలినవి, అమ్ముడుపోక వెనక్కి మోసుకెళ్లేవి అన్నీ ఉంటాయి. చేసినవాడికి మిగిలేది వాటి తర్వాతే. బేరం మొదలుపెట్టేముందు ధరతోపాటు ఇంకో ప్రశ్న అడిగితే విషయం చాలావరకు తెలిసిపోతుంది: ఈ మట్టి, ఈ కర్ర, ఈ నూలు ఎక్కడి నుంచి తెస్తున్నారు? స్వయంగా చేసినవాళ్లు ఆ ప్రశ్నకు వెంటనే, వివరంగా జవాబు చెబుతారు.

మెహదీపట్నం పెద్దావిడను నేనూ అదే అడిగాను. కొన్ని రంజన్లు వేరే రాష్ట్రం నుంచి లారీలో వచ్చాయని, కొళాయి ఉన్నవన్నీ అవేనని, వరుస చివర ఉన్న మూడు మాత్రం తమ ఇంట్లో చేసినవని దాచకుండా చెప్పింది. ఆ మూడింటికి మట్టి ఓ పాత ఇల్లు కూల్చి పునాది తవ్విన చోట దొరికిందట. దాని కింద ఎప్పుడో చెరువు ఉండేదట.